జంగుబాయి పేరు తీయించుకున్న వైనం

నలభై ఏళ్లుగా మా దుకాణంలో పేరు కోసం కొట్టుకునే మనుషుల్నే చూశాను. కరపత్రంలో తన పేరు చిన్న అక్షరాల్లో పడిందని అలిగి, నాటకం మొదలయ్యే వేళకు కిరీటం నా ఒళ్లో పడేసి పోయిన ద్వారపాలకుడు కూడా ఉన్నాడు. వేసిన పేరు తీసేయండి మహాప్రభో అని చెప్పులరిగేలా తిరిగిన మనిషిని మాత్రం ఒక్కతెనే చూశాను. ఆమె కుమ్ర జంగుబాయి.

మాది చిక్కడపల్లిలో గానసభకు పోయే సందు. నాటకాల డ్రెస్సులు కిరాయికి ఇస్తాం. మా ఆయన కిషన్ రావు పెట్టిన దుకాణం, ఆయన పోయాక నేనే నడుపుతున్నాను. నేను చదివింది మూడో తరగతి. విద్యావతి అని పేరు పెట్టాక ఇంక బడి ఎందుకనుకున్నాడు మా నాయన. అయినా మనిషి గడప దాటి లోపలికి వచ్చేలోగా నడుము ఎంతో, భుజం ఎంతో చెప్పేస్తాను. టేపు మెడలో వేసుకునేది వచ్చినవాళ్ల నమ్మకం కోసం.

జంగుబాయిది ఉట్నూరు అవతల లొద్దిగూడ. గోండు పిల్ల. డిగ్రీ చదివి, గ్రూప్స్ రాస్తానని ఎనిమిదేళ్ల కిందట అశోక్ నగర్ వచ్చింది. అక్కడ హాస్టల్ అంటే మంచం. ఒక్కో గదిలో ఆరు మంచాలు, మంచానికో మనిషి, మనిషికో పుస్తకాల గుట్ట. పొద్దున ఏడింటికి నీళ్ల సీసా పట్టుకుని లైబ్రరీకి పరుగెత్తకపోతే కుర్చీ దొరకదు. ఆమె రాసిన పరీక్ష ఒకటి రద్దయింది, ఇంకొకటి మూడుసార్లు వాయిదా పడింది, మరొకటి రెండు మార్కుల్లో పోయింది. ఇప్పుడు ముప్పై రెండేళ్లు. ఇంకా రాస్తూనే ఉంది.

పట్నం వచ్చిన కొత్తల్లోనే మా దుకాణానికి జాకెట్టు హుక్కు కుట్టించుకోవడానికి వచ్చింది. నేను మిషన్ ముందు కూర్చుని దారం తెగిన ప్రతిసారీ దాన్ని తిడుతున్నాను.

"పెద్దమ్మా, సూది ఉల్టా పెట్టినవ్" అంది.

ఒళ్లు మండింది. "నేను మిషన్ తొక్కవట్టి ముప్పై ఏండ్లాయె. నువ్వు చెప్తవా నాకు?"

"ముప్పై ఏండ్ల సంది కరెక్టే పెట్టి ఉంటవ్. ఇయ్యాల ఉల్టా పెట్టినవ్."

చూస్తే నిజమే. ఉట్నూరు ట్రైనింగ్ సెంటర్లో కుట్టు నేర్చుకుందట. ఆ రోజు నుంచి పొద్దున లైబ్రరీ, మధ్యాహ్నం మా మిషన్. ఒక్క పట్టాన లొంగే మనిషి కాదు. పరీక్షల అలవాటు వల్ల ఏది అడిగినా పాయింట్లుగా చెబుతుంది. పప్పు ఎట్లుంది బిడ్డా అంటే, "ఒకటి, ఉప్పు తక్కువైంది. రెండు, పోపు మాడింది. ముగింపు, తినొచ్చు" అంటుంది. చెయ్యెత్తి కొట్టాలనిపిస్తుంది.

మా దుకాణంలో ఆరో అరలో ఉండేది అడవి మనుషుల సెట్టు. అది మా ఆయన చేతిపని. ఎప్పుడో ఒక క్యాలెండర్ బొమ్మ చూసి తయారు చేశాడు. చిరుత చుక్కల బట్ట సుల్తాన్ బజార్‌ది. నడుముకు కట్టే ఆకులు ప్లాస్టిక్ తోరణాలు. మెడలో ఎముకల దండ సుద్దతో చేసింది. తలకు పెట్టే ఈకలు ముషీరాబాద్ కోళ్ల దుకాణం వెనక ఏరి తెచ్చి, ఎరుపు, పచ్చ రంగుల్లో ముంచి ఆరబెట్టినవి. అంటే మా ఆదివాసి అడవి మొహం ఎరగడు, కోళ్ల దుకాణం వెనక పుట్టాడు. బళ్లవాళ్లు, నాటకాలవాళ్లు, సీరియళ్లవాళ్లు, అందరూ ఆ సెట్టే పట్టుకుపోయేవారు. ఇది నిజంగా ఎవరు కట్టుకుంటారని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

జంగుబాయి ఆ సెట్టు మొదటిసారి చూసిన రోజు, చీర మీదనే ఆకులు కట్టుకుని, ఈకలు తలకు పెట్టుకుని అద్దం ముందు నిలబడింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "పెద్దమ్మా, ఇది ఏస్కొని మా ఊరికి పోతే కుక్కలు ఊకుంటయా?" అంది. ఆ తర్వాత ఆ అర వైపు చూసి ఎప్పుడూ నవ్వలేదు. ఎవరైనా అడిగితే తీసి ఇచ్చేది, చినిగితే కుట్టేది, అంతే.

ఒకసారి నారాయణగూడ నుంచి ఒకావిడ తన బ్లౌజు కుట్టడానికి ఇచ్చి, కొడుకు ఫ్యాన్సీ డ్రెస్సు కోసం చూస్తూ, ఆ ఈకలను రెండు వేళ్లతో పట్టుకుని, "వాళ్లు నిజంగా ఇలాగే ఉంటారా?" అని జంగుబాయినే అడిగింది.

"ఇట్లనే ఉంటరు మేడమ్. మీ బ్లౌజు రెండు రోజులల్ల ఇస్త, హుక్కులు కుట్టేది ఉన్నది" అంది జంగుబాయి. ఎదురుగా ఉన్న మనిషే ఆ 'వాళ్లు' అని ఆవిడకు అర్థం కాలేదు. నాకు అయింది, కానీ బేరం పోగొట్టుకోలేదు. ఉన్నమాట చెబుతున్నాను.

మొన్న దసరా ముందు ఫణికిరణ్ వచ్చాడు. సీరియల్ కంపెనీలో డ్రెస్సులు చూసుకునే పిల్లవాడు. నోరు తీపి, పని హడావుడి.

"ఆంటీ, మా సీరియల్‌లో అడవి ట్రాక్ మొదలవుతోందండీ. ట్రైబల్ సెట్లు ఇరవై నాలుగు కావాలి. నెమలి పింఛాల కిరీటం ఒకటి. అదిరిపోవాలండీ."

అప్పుడే జంగుబాయికి ఫోన్ వచ్చింది. తండ్రి భీంరావుతో గోండిలో మాట్లాడుతోంది. ఫణికిరణ్ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"అది ఏ భాషండీ?"

"మా భాష. గోండి" అంది ఆమె ఫోన్ పెట్టేసి.

"మీరు ట్రైబలా! అయ్యో, ఇన్నాళ్లూ చెప్పలేదేంటండీ!" దొరికిన పర్సు చూసినట్టు చూశాడు. "మీరు మాకు సలహాదారుగా ఉండండి. మీ ఆచారాలు, మీ బట్టలు, అన్నీ మీరు చెప్పండి, మేం అలాగే తీస్తాం. టైటిల్స్‌లో మీ పేరు వేస్తాం. గిరిజన సంస్కృతి సలహాదారు, కుమ్ర జంగుబాయి!"

ఆమె మొహం వెలిగింది. ఎనిమిదేళ్లలో ఆ మొహం అట్లా వెలగడం నేను చూడలేదు. ఆరో అర నుంచి తన జనానికి మోక్షం దొరికిందనుకుంది కాబోలు. నాలుగు రోజులు లైబ్రరీలో కూర్చుని నోటు పుస్తకంలో పదకొండు పేజీలు రాసింది. పరిచయం, బట్టలు, నగలు, ఇల్లు, పెళ్లి, దేవుళ్లు, దండారి, ముగింపు. ముఖ్యమైన మాటల కింద గీతలు కూడా కొట్టింది. దీపావళికి ముందు వచ్చే దండారి పండుగ గురించే మూడు పేజీలు. అందులో నెమలి పింఛాల టోపీ పెట్టుకుని ఆడేవాళ్లను గుస్సాడీలు అంటారు. ఆమె తండ్రి పాతికేళ్లుగా గుస్సాడీ.

ఫణికిరణ్ ఆ పుస్తకం తీసుకుని, మూడు ఇంగ్లీషు కాగితాలు ముందు పెట్టాడు. "ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ సంతకం అండీ." ఆమె పెన్ను తీసి, టిక్కు పెట్టిన ప్రతి చోటా సంతకం చేసింది. తండ్రి పేరు, ఊరు, మండలం, జిల్లా, పిన్‌కోడ్, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం చొప్పున ముత్యాల్లా నింపింది. ఒక్క వాక్యం చదవలేదు. రోజుకు పది గంటలు చదివే మనిషి! ఎందుకు చదవలేదంటే, పరీక్ష హాల్లో కాగితం ముందు పెట్టి ఇక్కడ సంతకం అంటే చేయడమే తప్ప చదివే టైమ్ ఎవరిస్తారు? ఎనిమిదేళ్లుగా హాజరు పట్టీల మీద చేసి చేసి, చెయ్యి దానంతట అదే నడిచింది. అశోక్ నగర్‌లో ఎవరిని కూర్చోబెట్టినా ఇదే చేస్తారు.

తర్వాతి వారం వాళ్ల డైరెక్టర్ గోవర్ధన్ వేషాలు చూడటానికి మా మేడ మీది గదికి వచ్చాడు. గూడెం పిల్ల వేషానికి పల్లవి అనే అమ్మాయిని తెచ్చారు. తెల్లగా, సన్నగా ఉంది. మేకప్పు మనిషి ఆమెకు నుదుటి నుంచి మడమల దాకా గోధుమ రంగు పూస్తోంది. పూత అయ్యాక చూస్తే, పక్కన నిలబడ్డ జంగుబాయి కంటే ఆ అమ్మాయే రెండు చాయలు నలుపు.

"ఇంకొంచెం డల్ చేయండి. ట్రైబల్ ఫీల్ రావట్లేదు" అన్నాడు గోవర్ధన్. అప్పుడు జంగుబాయి కంటపడింది. "ఈవిడెవరు?"

"మన సలహాదారు సార్. ఒరిజినల్ ట్రైబల్" అన్నాడు ఫణికిరణ్.

గోవర్ధన్ ఆమెను కిందనుంచి పైదాకా చూశాడు. "అవునా? చూస్తే అలా లేరే."

నేను ఊరుకోలేదు. "నువ్వు మాత్రం డైరెక్టర్ లెక్క ఉన్నవా బిడ్డా? మేము అడిగినమా?"

జంగుబాయి నన్ను చేత్తో ఆపింది. "కథ ఏంది సార్?"

ఫణికిరణ్ చెప్పాడు. హీరోయిన్ అడవిలో తప్పిపోతుంది. గూడెంవాళ్లు గుంజకు కట్టేస్తారు. నాయకుడు పింఛాల కిరీటం పెట్టుకుని, తాగి తూలుతూ డాన్సు చేసి, పున్నమి రోజు ఆమెను బలి ఇవ్వబోతాడు. హీరో వచ్చి కిరీటాన్ని కాలితో తన్ని కాపాడతాడు.

జంగుబాయి అడిగింది, "మేము ఆమెను ఎందుకు చంపుతం సార్?"

"ఎందుకేంటమ్మా, ఆచారం."

"ఎవరి ఆచారం?"

"మీదే."

"నాకైతే తెల్వది. పదకొండు పేజీలల్ల నేనైతే రాయలే."

గోవర్ధన్ ఫణికిరణ్ వైపు చూశాడు. ఫణికిరణ్ గోడ వైపు చూశాడు. పుస్తకంలో 'పరిచయం' దాటి ఎవరూ తిప్పలేదని తెలిసిపోయింది.

"సార్, ఆ టోపీ పెట్టుకున్నోడు ఆ దినాలల్ల మనిషి కాదు, దేవుడు" అంది జంగుబాయి. గొంతు పెంచలేదు. "మా అమ్మ సుత మా నాయన కాళ్లు మొక్కుతది. దండారి అయ్యేదాక తానం చెయ్యడు, నిష్ఠతోని ఉంటడు. తాగరని నేను చెప్తలేను. ఇప్పసార దేవునికి పోస్తం, మేము సుత తాగుతం. కానీ ఆ టోపీ పెట్టి మనిషిని నరుకుడు మాకు లేదు. దాన్ని కాలుతోని తన్నుడు అసలే లేదు."

"అమ్మా, ఇది కథ. కల్పితం అని ముందే వేస్తాం."

"అయితే పేరు సుత కల్పితమే పెట్టుకోండ్రి. నా నిజం పేరు తీసెయ్యండ్రి."

అప్పుడు ఫణికిరణ్ నోట బయటపడింది అసలు సంగతి. అంతకుముందు వేరే సీరియల్ మీద గిరిజన విద్యార్థి సంఘాలు ఛానెల్ గేటు ముందు కూర్చున్నాయట. అందుకని ఛానెల్‌వాళ్లు ఇప్పుడు గిరిజనుల పేరూ సంతకమూ ఉంటేనే ఎపిసోడ్ ఒప్పుకుంటున్నారట. 'సీన్లన్నీ నేను చూశాను, మా ఆచారం ప్రకారమే ఉన్నాయి' అని ఆ ఇంగ్లీషు కాగితాల్లో ఉంది. కింద ముత్యాల్లాంటి సంతకాలు. వీళ్లకు సలహా అక్కర్లేదు, వానొస్తే పట్టుకోవడానికి గొడుగు కావాలి.

వాళ్లు పోయాక ఆమెను తిట్టాను. "చదవకుంట సంతకం చేస్తవా? గంత చదువు ఏ గంగల కలిసె?"

ఆమె మెట్ల మీద కూర్చుండిపోయింది. "పెద్దమ్మా, పేరొక్కటే కాదు, ఊరు సుత ఏస్తరట. లొద్దిగూడ జంగుబాయి అని. శుక్రవారం వస్తది అది. మల్ల వారమే దండారి. మా నాయన గుస్సాడీ కట్టి, దండుతోని వేరే గూడేలకు చుట్టం పోతడు. అక్కడ అందరు కూసున్నకాడ ఒక్కడు అడిగితే చాలు. భీంరావూ, మనం మనుషుల్ని నరుకుతమని చెప్పింది నీ బిడ్డేనటగదా అని. మా నాయన తల మీద టోపీ ఉంటది పెద్దమ్మా అప్పుడు. ఏం చెప్తడు?"

తిట్టడం ఆపి ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

మూడు రోజులు తిరిగింది. సీరియల్‌వాళ్ల ఆఫీసు దోమలగూడలో. విషయం, సూచిక అని రాసి అర్జీ పట్టుకుని వెళ్లేది. మొదటి రోజు సార్ లేరన్నారు. రెండో రోజు టైటిల్స్ అయిపోయాయన్నారు. మూడో రోజు, పేరు రావడం అదృష్టమమ్మా, ఎంతమంది అడుగుతారో తెలుసా అన్నారు. పరీక్ష పుస్తకం తెరవలేదు, అన్నం ముట్టలేదు. నాకు ఆమె మీద కోపం, వాళ్ల మీద కోపం, ఆరో అర మీద అంతకంటే కోపం. వాళ్లడిగిన పింఛాల కిరీటం కట్టింది నేనే. విసనకర్రల పింఛాలు ఊడదీసి నా చేతులతో కట్టాను.

నాలుగో రోజు పొద్దున వ్యాన్ వచ్చింది. ఆ రోజే షూటింగ్. నేను షట్టర్ దించి, తాళం వేసి, ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాను.

"ఆంటీ, ఏంటండీ ఇది! యూనిట్ మొత్తం వెయిటింగండీ!" ఫణికిరణ్‌కు చెమట్లు.

"ఉండనియ్. మా పిల్ల ఎనిమిదేండ్ల సంది నోటిఫికేషన్ కోసం వెయిటింగ్ ఉన్నది. మీకు ఒక్క పూట ఉంటే ఏమైతది?"

"వేరే షాపులో తెచ్చుకుంటామండీ."

"పో. ఇరవై నాలుగు సెట్లు ఇంకెవని దగ్గర ఉన్నయో పట్నమంత తిరిగి రా. ఆమె కాగితాలు మూడు నా చేతిల పెట్టు. పేరు తీసేసినమని ఆఫీసు ముద్రతోని రాసియ్యి. తాళం తీస్త."

సందులో ఇడ్లీ బండివాడు, ప్రెస్సువాడు, లైబ్రరీకి పోయే నలుగురు పిల్లలు ఆగి చూస్తున్నారు. ఫణికిరణ్ ఫోన్ చేశాడు, అరిచాడు, బతిమాలాడు, మళ్లీ ఫోన్ చేశాడు. గంటన్నరకు ఎవరో స్కూటర్ మీద కాగితాలు తెచ్చారు.

ఈసారి జంగుబాయి చదివింది. ప్రతి వాక్యం పైకి చదివింది. రెండోసారి చదివింది. "తేదీ తప్పు పడ్డది, దిద్దండ్రి" అంది. "నా ఇంటిపేరు 'కుమార' అని రాసిండ్రు. తీసెయ్యవలసిన పేరు సరిగ్గ రాయకపోతే సరైన పేరు ఉండిపోతది" అంది. ఫణికిరణ్ నెత్తి పట్టుకున్నాడు. స్కూటర్ మళ్లీ దోమలగూడ పోయి వచ్చింది.

తాళం తీశాను. ఇరవై నాలుగు సెట్లూ ఇచ్చాను. ఒప్పుకున్న పని. జంగుబాయే మడతపెట్టి వ్యాన్‌లో వేసింది. కిరీటం మాత్రం ఇవ్వలేదు. వాళ్ల కళ్ల ముందే దారాలు కోసి, పింఛాలు విడదీసి, పాత చీరలో చుట్టి పైన పెట్టాను.

"మరి నాయకుడికి ఏం పెట్టాలండీ?" ఏడుపు మొహం పెట్టాడు ఫణికిరణ్.

"కోడి ఈకలు పెట్టు. అవి మావే, ఎవరూ ఏమనరు."

శుక్రవారం సాయంత్రం దుకాణంలోనే టీవీ పెట్టాం. టైటిళ్లు రైలులా పరుగెత్తాయి. నాకు ఒక్క అక్షరం అందలేదు. జంగుబాయి ఫోన్‌లో వీడియో తీసి, ఒక్కొక్కటే ఆపి ఆపి చూసింది. తన పేరు లేదు. లొద్దిగూడ లేదు. గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత ఇంకో బొమ్మ దగ్గర ఆగి, ఫోన్ నా మొహం ముందు పెట్టి తనే చదివింది. గిరిజన సంస్కృతి సలహాదారు, ఫణికిరణ్.

నవ్వాలో తిట్టాలో తెలియలేదు. తిట్టాను.

ఎపిసోడ్ సగంలో ఉండగానే తండ్రి ఫోన్ వచ్చింది. గోండిలో చాలాసేపు మాట్లాడింది.

"ఏమంటుండు బిడ్డా?"

"పేరు వస్తదని నేను మొదలు చెప్పిన పెద్దమ్మా, ఖుషీల. ఊరంత మా వాకిట్ల కూసున్నరంట చూసేటందుకు. ఏది నీ పేరు అంటుండు." కళ్లు తుడుచుకుంది. "నేనే తీయించిన అని చెప్పిన. ఆ గుంజకు కట్టేసుడు చూసిండంట అప్పుడే. మంచిగైంది బిడ్డా, నీ పేరు కోసం చూసుకుంట కూసున్నం, ఇగ టీవీ బంద్ చేస్తం అన్నడు."

దండారికి ఊరికి పోయి వచ్చింది. వచ్చిన మర్నాడే లైబ్రరీ, మధ్యాహ్నం మిషన్. తండ్రిని ఎవరూ ఏమీ అడగలేదట. అది చెప్పేటప్పుడు కూడా "ఒకటి" అనే మొదలుపెట్టింది.

ఆ వారంలోనే ఫణికిరణ్ మళ్లీ ఊడిపడ్డాడు, ఏమీ జరగనట్టు.

"ఆంటీ, అడవి ట్రాక్‌కు రేటింగ్ బాగా వచ్చిందండీ! ఇంకో ముప్పై ఎపిసోడ్లు పొడిగించారు. ఇంకో నలభై సెట్లు కావాలి."

"ఆ సెట్లు ఇంక కుట్టం. ఉన్నయి సుత కిరాయికియ్యం" అన్నాను. ఆ మాట అంటానని నాకూ తెలియదు. ఎనిమిదేళ్ల కిందట అనాల్సింది.

"అయ్యో, మరెలాగండీ? పోనీ నిజంగా వాళ్లు కట్టుకునేవే కుట్టండి. అసలైనవే వేద్దాం."

జంగుబాయి మిషన్ ఆపింది. కుర్చీ ఇటు తిప్పుకుని అతని ఎదురుగా కూర్చుంది.

"సలహాదారు మీరే గదా సార్. చెప్పండ్రి, మేము ఏం కట్టుకుంటం?"

ఫణికిరణ్ నా వైపు చూశాడు. మాకు ఎవరికీ తొందర లేదు. జేబులోంచి ఫోన్ తీసి, గోండుల బట్టలు అని వెతకడం మొదలుపెట్టాడు.